పాత సినిమాల్లో సిటీ కనిపిస్తే గుండె ఎందుకు పట్టేస్తుంది?

సుల్తాన్‌బజార్_పిల్లోడు
మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఏదో పాత తెలుగు సినిమా వస్తోంది. 80ల చివర్లో తీసింది, పెద్దగా ఆడలేదు, పేరు చెప్పినా ఎవరికీ గుర్తుండదు. హీరో ఎవర్నో తరుముతూ పరిగెడుతున్నాడు. నేను అన్నం తింటూ సగం మనసుతో చూస్తున్నా. ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది. వాళ్లు పరిగెడుతున్నది సుల్తాన్ బజార్‌లో మా సందు. మా నాన్న బట్టల కొట్టు మూడు సెకన్లు కనపడింది. నీలం బోర్డు, పసుపు అక్షరాలు, గుమ్మానికి వేలాడుతున్న లంగా గుడ్డలు, పక్కన కిరోసిన్ పొయ్యి మీద టీ కాచే బండి. ముద్ద మింగుడుపడలేదు.

అదేమీ గొప్ప చోటు కాదు. కొట్టు పైన రెండు గదుల్లో ఆరుగురం ఉండేవాళ్లం. ఎదురింట్లో ఏం కూర వండారో మాకు తెలిసిపోయేది. వానొస్తే మోరీ పొంగి మెట్ల దాకా వచ్చేది. ఎప్పుడెప్పుడు బయటపడతానా అని పదో తరగతి నుంచీ అనుకున్నా. ఇప్పుడు కొండాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో ఉంటున్నా. కిటికీ తీస్తే గాలి, వెలుతురు, చప్పుడనేదే లేదు. మరి ఆ మురికి సందు చూస్తే ఏడుపెందుకొచ్చింది?

ఇంకో బాధ కూడా ఉంది. ఇప్పటి సినిమాల్లో సిటీ అంటే పైనుంచి డ్రోన్ షాట్, దుర్గం చెరువు తీగల వంతెన, అద్దాల ఆఫీసు. మనిషి నడిచే ఎత్తులో ఊరు కనపడదు. మీకెవరికైనా ఇలా అనిపిస్తుందా? ఏ సినిమా చూస్తే?

నేలటికెట్టు
అప్పుడు ఇంటద్దె కట్టింది నువ్వు కాదు కదా తమ్ముడూ. అందుకే ఆ సందు ముద్దొస్తోంది.

కాచిగూడ_87
ఆ సందు ఉందా ఇంకా? మెట్రో పడ్డాక నేను అటు పోలేదు.

సుల్తాన్‌బజార్_పిల్లోడు
ఉంది. 2020 ఫిబ్రవరిలో గ్రీన్ లైన్ మొదలైంది కదా, రోడ్డు మీదికొస్తే నెత్తిన మెట్రో. పొద్దుటి ఎండ పడే తీరే మారిపోయింది. మా కొట్టు అక్కడే ఉంది, ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. బోర్డు మాత్రం ఎప్పుడో తీసేశారు, ఇప్పుడు ఫ్లెక్సీ.

నేలటికెట్టు గారూ, మీరన్నది నిజమే. కానీ అద్దె కట్టిన మా నాన్న కూడా ఆ రోజుల గురించి ఇష్టంగానే మాట్లాడతారు. దానికేమంటారు?

ఫోకస్‌పుల్లర్
నేను 90ల్లో కెమెరా అసిస్టెంట్‌గా చేశాను. ఆ సినిమాల్లో వీధి ఎందుకంత నిజంగా కనిపిస్తుందో చెప్తాను. అందులో సగం ఇష్టంతో చేసింది కాదు, గతిలేక చేసింది.

అప్పట్లో అవుట్‌డోర్‌కి ఎక్కువగా వాడింది ఆరీ 2సి కెమెరా. చిన్నది, భుజాన పెట్టుకుని పరిగెత్తొచ్చు, కాకపోతే కుట్టుమిషన్‌లా టకటక కొట్టుకుంటుంది. అయినా ఎవరికీ పట్టింపు లేదు, ఎందుకంటే మాటలన్నీ తర్వాత డబ్బింగ్ థియేటర్లోనే చెప్పించేవాళ్లు. కాబట్టి హారన్లు మోగినా, కూరగాయలమ్మి అరిచినా షాట్ చెడదు. అఫ్జల్‌గంజ్‌లో తియ్యాలంటే నిజంగా అఫ్జల్‌గంజ్ వెళ్లి తీసేయొచ్చు. ఇప్పుడు లొకేషన్‌లోనే సౌండ్ తీసుకునే సినిమాలకి వీధి మూయించాలి, జనాన్ని ఆపాలి, పోలీసు పర్మిషన్, మున్సిపాలిటీ పర్మిషన్. దానికన్నా సెట్టు వేసుకోవడమే తేలిక.

రెండోది ఫిల్ము. 400 అడుగుల మ్యాగజైన్, అంటే ఫిల్ము చుట్ట ఉండే డబ్బా, వేస్తే నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. అది అయిపోతే మార్చాలి, ఖర్చు. అందుకని వెనక ఎవడో కెమెరాలోకి చూసినా, కుక్క అడ్డం వచ్చినా "ఓకే" అనేసి ముందుకెళ్లేవాళ్లం. పాత సినిమా చూస్తుంటే వెనకనున్న జనం సూటిగా మీ వంక చూడటం గమనించారా? వాళ్లు జూనియర్ ఆర్టిస్టులు కాదు. పనికి పోతూ ఆగిన మనుషులు.

ఒకసారి ఆటోలో వెనక సీట్లో నేనూ మా కెమెరామన్ కూర్చుని, కెమెరా మీద గోనెపట్టా కప్పి, లెన్సు మాత్రం బయటికి పెట్టి తీశాం. ఫోకస్ రింగు నా చేతిలో. హీరో రోడ్డు మీద నడుస్తున్నాడు. ఒక ముసలాయన నేరుగా ఆయన దగ్గరకొచ్చి అగ్గిపెట్టె అడిగాడు, గుర్తుపట్టలేదు పాపం. హీరో వెలిగించి ఇచ్చి ముందుకెళ్లాడు. ఆ షాట్ సినిమాలో అలాగే ఉంది.

దీప్తి_ఎస్
ఆ అగ్గిపెట్టె షాట్ ఏ సినిమాలోదో చెప్పండి ప్లీజ్!!

ఫోకస్‌పుల్లర్
చెప్తే నేనెవరో మీకు తెలిసిపోతుందమ్మా. ఇండస్ట్రీ చిన్నది.

మౌంట్‌రోడ్డు
ఫోకస్‌పుల్లర్ గారు చెప్పింది బాగుంది కానీ మన తెలుగు సినిమాకి ఇంకో కథ ఉంది. మనవాళ్లంతా చాలా కాలం మద్రాసులోనే తీశారు. 60లు, 70ల్లో తెలుగు సినిమా పట్నం అంటే నూటికి తొంభై పాళ్లు మద్రాసే. కథలో హైదరాబాద్ అంటారు, వెనక మౌంట్ రోడ్డు. పల్లెటూరి హీరో రైలు దిగి నోరు తెరిచి చూసే మేడ 14 అంతస్తుల ఎల్ఐసీ బిల్డింగ్. హీరోయిన్ ఎక్కే బస్సు మద్రాసు పల్లవన్ బస్సు. మద్రాసులో బస్సెక్కి హైదరాబాద్‌లో దిగేది మన హీరోయిన్, ఎంత ఫాస్ట్ సర్వీసో!

నేను టీనగర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. కాబట్టి మీరంతా "పాత హైదరాబాద్" అనుకుని బెంగపడుతున్న షాట్లలో సగం నా చిన్నతనం.

కాచిగూడ_87
దీన్ని ఒప్పుకోవాల్సిందే. హైదరాబాద్ హైదరాబాద్‌లా తెర మీదికి రావడం ఆలస్యమైంది. 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలయ్యాక, ఇండస్ట్రీ మెల్లగా ఇటు జరిగాక. నాకైతే 1989 లెక్క. ఆ ఏడే 'శివ', ఆ ఏడే 'అంకుశం'. 'శివ'లో సైకిల్ మీద చిన్నపాపని కూర్చోబెట్టుకుని సందుల్లో తప్పించుకునే ఛేజ్ ఉంటుంది చూడండి. ఆ గోడలు, ఆ మలుపులు చూస్తుంటే ఇప్పటికీ కాళ్లు తొక్కుతున్నట్టు కదులుతాయి. ఆ ఛేజ్ పట్టున్నదంటే కెమెరా కుదుపు తెలియనివ్వని స్టెడీక్యామ్ ఒక్కటే కారణం కాదు. సందు నిజంగా ఇరుకు. పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు.

వర్లీ_పద్మ
అందరి పోస్టులూ చదివాను. ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు.

మాది సిరిసిల్ల దగ్గర. మా నాన్న 1968లో బొంబాయి పోయి మిల్లులో చేరారు. మన పద్మశాలీలు వేలమంది అట్లనే పోయారు, వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ అంతటా తెలుగు వినపడేది. నేను వర్లీ బీడీడీ చాల్‌లో పుట్టాను. చాల్ అంటే పనివాళ్ల కోసం వరస గదులతో కట్టిన మేడ. మాది ఒక గది, 160 చదరపు అడుగులు. అందులో ఏడుగురం. అంతస్తుకి ఇరవై గదులు, వరండా చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. నీళ్లు తెల్లారి నాలుగింటికి. మా అమ్మ మూడున్నరకి లేచేది. ఆడవాళ్లు చీకట్లోనే స్నానం ముగించాలి, మగవాళ్లు వరండాలో పడుకుని ఉంటే వాళ్లని దాటుకుంటూ పోవాలి.

మీరు హిందీ సినిమాల్లో చూసే చాల్‌లో నీళ్ల లైను రెండు నిమిషాలు. ఇద్దరాడవాళ్లు బిందెలతో కొట్టుకుంటారు, హాల్లో అందరూ నవ్వుతారు. మా అమ్మకి అది పద్దెనిమిదేళ్లు.

ఇంకొకటి. ఆ సినిమాల్లో రాత్రి వీధి వస్తే ఆపి చూడండి. అందులో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఆ ఊరి మీద బెంగ పెట్టుకునే తీరిక ఎవరికి దొరికిందో తెలుస్తుంది.

నేలటికెట్టు
చేతులెత్తి దండం పెడుతున్నానమ్మా. నేను ఒక్క ముక్కలో అన్నదాన్ని మీరు అనుభవంతో చెప్పారు.

రాజమండ్రి_రాంబాబు
నేను మొదట్నుంచీ ఇదే అంటున్నా. పేదరికాన్ని పసుపు లైటులో చూపిస్తే కవిత్వం అయిపోదు. పాత సిటీ బాగుందనేవాళ్లు ఎవరూ మళ్లీ అక్కడికి పోయి ఉండరు.

సుల్తాన్‌బజార్_పిల్లోడు
పద్మ గారూ, కోపం ఎందుకొస్తుంది. మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. "ఆవిడ కరెక్టుగా చెప్పింది, మీ నాన్నకి కూడా వినిపించు" అంది.

రాంబాబు గారూ, నేను మళ్లీ అక్కడికి పోతానని అనలేదు. ఆ మూడు సెకన్లు తప్ప ఆ సందుకి నా దగ్గర వేరే ఆనవాలు లేదు. మాకు కెమెరా లేదు. పెళ్లిళ్లకి తీయించిన ఫొటోల్లో అందరం గోడకి ఆనుకుని నిలబడి ఉంటాం, వెనక తెర. కొట్టు ఫొటో ఒక్కటీ లేదు.

దీప్తి_ఎస్
నాకు 24. నేను పుట్టేసరికే ఇవన్నీ అయిపోయాయి. అయినా నాకూ అలాగే అనిపిస్తుంది, ఎందుకో అర్థం కాదు. 'గమన్' చూశాను, 1978లో వచ్చింది. యూపీ పల్లె నుంచి బొంబాయి వచ్చి టాక్సీ నడిపే మనిషి కథ, ఫరూక్ షేక్ చేశారు. ఇంటికి పోదామంటే డబ్బు ఎప్పటికీ చాలదు. సినిమా అయిపోయాక రాత్రంతా నిద్ర పట్టలేదు. నేను బెంగళూరులో పీజీలో ఉంటున్నా. గదిలో ఏసీ ఉంది, వైఫై ఉంది. పండక్కి ఇంటికి పోదామంటే లీవు లేదు. నాది ఆ టాక్సీ డ్రైవర్ కష్టం కాదు, తెలుసు. కానీ ఆయన స్టీరింగ్ పట్టుకుని ఊరికే రోడ్డు వంక చూస్తుంటే నన్నే చూసినట్టుంది.

పాతపోస్టరు
దీప్తీ, ఆ కాలీపీలీ (నలుపు పసుపు) టాక్సీల గురించి ఒక సంగతి. ప్రీమియర్ పద్మినీ అంటారు కదా, బొంబాయిలో ఆఖరిది 2023 అక్టోబర్ 30 నుంచి రోడ్డెక్కలేదు. టాక్సీకి అక్కడ ఇరవై ఏళ్ల వయసు పరిమితి. అంతకు నెలన్నర ముందే, సెప్టెంబర్ 15న, పాత డీజిల్ డబుల్ డెక్కర్ బస్సు కూడా ఆగిపోయింది. 1937లో మొదలైన బస్సది. ఇంక ఆ రెండూ సినిమాల్లోనే.

కాచిగూడ_87
మన డబుల్ డెక్కర్ మాత్రం? 2003లో ఆపేశారు. సికింద్రాబాద్ నుంచి జూపార్కు దాకా పై అంతస్తులో ముందు సీటు కోసం ఎన్ని బస్సులు వదిలేశానో! ఆ అద్దంలోంచి ట్యాంక్‌బండ్ చూస్తే సినిమా తెర మీద చూసినట్టే ఉండేది. 2023లో కరెంటు బస్సులు తెచ్చారు కానీ అవి టూరిస్టులకి.

నేలటికెట్టు
పై అంతస్తు ముందు సీటు కోసం నేను కొట్లాడింది కూడా ఉంది. నువ్వేనేమో అది.

కాచిగూడ_87
నీలం చొక్కానా?

ఫోకస్‌పుల్లర్
దీప్తి గారు రాత్రి నిద్రపట్టలేదన్నారు, రాంబాబు గారు పసుపు లైటు అన్నారు. రాత్రి గురించి ఒకటి చెప్పాలి. పాత సినిమాల్లో రాత్రి వీధి పసుపుగా, నారింజ రంగుగా ఉండటం కెమెరామన్ వేషం కాదు. అప్పటి వీధి దీపాలు సోడియం ల్యాంపులు. వాటి వెలుగే అది. 80ల నుంచి వేగం ఎక్కువున్న ఫిల్ము, అంటే తక్కువ వెలుగులోనూ బొమ్మ పట్టేది, రావడంతో పెద్ద పెద్ద లైట్లు లేకుండానే వీధి దీపాల కింద తీయడం కుదిరింది. ఆ రంగులో ముఖం మీద చెమట మెరుస్తుంది, గోడ మీద మరక కనపడదు. ఇప్పుడు అన్ని ఊళ్లలోనూ తెల్లటి ఎల్ఈడీలు పెట్టేశారు. ఇప్పుడు అదే వీధిలో, అదే కెమెరాతో తీసినా ఆ రాత్రి రాదు. కరెంటు ఆదా అవుతుంది, మంచిదే. నేను తిట్టడం లేదు. కానీ ఈమధ్య ఒక కుర్ర కెమెరామన్ నన్ను "సార్, పాత రాత్రి కావాలి, ఏ ఫిల్టర్ వెయ్యాలి" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీలేదు.

మౌంట్‌రోడ్డు
ఇది చదివాక గుర్తొచ్చింది. మా వీధి చివర ఒకే ఒక్క సోడియం దీపం ఉండేది. దాని కింద కూర్చునే ఇంటర్ పరీక్షలకి చదివాను. పుస్తకంలో ఎర్ర గీతలు కనపడేవి కావు ఆ వెలుగులో, ముఖ్యమైన లైన్లు ఏవో తెలిసేది కాదు.

రాజమండ్రి_రాంబాబు
లైట్లు, ఫిల్ములు సరే. అసలు విషయానికి వద్దాం. ఏ సినిమా నిజం చెప్పింది? నా ఉద్దేశంలో ఒక్కటే, 'ఆకలి రాజ్యం'. 1981. ఢిల్లీలో ఉద్యోగం లేని తెలుగు కుర్రాళ్లు. ఇంట్లో గింజ లేదు, వచ్చిన అమ్మాయి ముందు పరువు పోకూడదని ఉత్త గిన్నెలతో భోజనం చేస్తున్నట్టు నటిస్తారు. ఆ సీనులో సిటీ కనపడదు, గది మాత్రమే. కానీ ఢిల్లీ ఎంత పెద్దదో, ఎంత పట్టించుకోనిదో ఆ గదిలోనే తెలిసిపోతుంది. శ్రీశ్రీ కవిత్వం చదివే ఆ కుర్రాడు చివరికి కత్తెర పట్టి క్షవరం పనిలోకి దిగుతాడు, ఉద్యోగం దొరికి కాదు. అదీ సిటీ సినిమా. గోడల మీద పోస్టర్లు చూసి మురిసిపోవడం కాదు.

పాతపోస్టరు
రాంబాబు గారు మంచి సినిమా చెప్పారు. కానీ పోస్టర్లని అంత తేలిగ్గా తీసెయ్యకండి, నా పేరే అది :)

వర్లీ_పద్మ
రాంబాబు గారూ, నిజం చెప్పిన సినిమా నేనూ ఒకటి చెప్తా. 'పియా కా ఘర్', బాసూ ఛటర్జీది, 1972. కొత్తగా పెళ్లైన జంట చాల్‌లో ఉంటారు, ఇద్దరికీ ఒక్క క్షణం ఏకాంతం దొరకదు. వంటింట్లో పక్క వేస్తారు. అందరూ దాన్ని హాస్యంగా చూస్తారు, నిజంగానే నవ్వొస్తుంది. మా అమ్మ మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు. సినిమా అయ్యాక నాతో "పెళ్లైన నాలుగేళ్ల దాకా మీ నాన్నతో నేను గట్టిగా మాట్లాడింది ఊళ్లో జాతరకి వచ్చినప్పుడే" అంది. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. మొదటిసారి చెప్పింది ఆ సంగతి.

కాబట్టి ఆ సినిమాలు పనికిరావని నేననట్లేదు. అది చూడకపోతే అమ్మ నాతో ఆ మాట అనేది కాదు.

దీప్తి_ఎస్
పద్మ మేడమ్ 🙏 ఇంక ఏం రాయాలో తెలియడం లేదు.

'ఘరొందా' కూడా ఇలాగే కదా? 1977. సొంత ఫ్లాటు కోసం ఇద్దరూ కూడబెడతారు, బిల్డర్ మోసం చేస్తాడు. అందులో చేసిన జరీనా వహాబ్ మన వైజాగ్‌లో పుట్టారు.

నేలటికెట్టు
బిల్డర్ మోసం అనగానే నాకు పాత సినిమాలా అనిపించలేదు. నేను కట్టిన అడ్వాన్సు ఇంకా రాలేదు, ఆరేళ్లయింది.

కాచిగూడ_87
ఎవరూ 'సత్య' పేరెత్తలేదేంటి? 1998 జులై. బొంబాయి వాన అంటే నాకు ఆ సినిమానే. తీసింది మన హైదరాబాద్ మనిషి. గూండా ఇంటికొచ్చి పెళ్లాం చేత తిట్లు తినడం అంతకు ముందు ఎవరు చూపించారు? సత్యకీ విద్యకీ పరిచయం అయ్యేది ఎదురెదురు గదుల్లో ఉండటం వల్ల. చివర్లో గణపతి నిమజ్జనం, అంత జనంలో హత్య. అది సెట్టులో తీస్తే వచ్చేదా?

రాజమండ్రి_రాంబాబు
సత్య బాగుంటుంది, కాదనను. కానీ దాని తర్వాత పాతికేళ్లు ప్రతివాడూ మురికి సందు అంటే కత్తి, తుపాకి అనుకున్నాడు. సందులో నాన్నలు బట్టలు కూడా అమ్మారు. సుల్తాన్‌బజార్ తమ్ముడి పోస్టు చదివాక నాకు తట్టింది ఇదే. అతను టీవీలో చూసిన సినిమాలో నాన్న కొట్టు ఛేజ్‌లో వెనక మూడు సెకన్లు. కొట్టు గురించి సినిమా ఎవరు తీశారు?

కాచిగూడ_87
దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా.

మౌంట్‌రోడ్డు
రాంబాబు గారూ, అలాంటివీ ఉన్నాయి. 'అంతులేని కథ', 1976. ఉద్యోగం చేసి ఇల్లు మొత్తాన్ని మోసే ఆడపిల్ల. 'ఛోటీ సీ బాత్' అదే ఏడు, బొంబాయి బస్టాపులో రోజూ ఒకే అమ్మాయిని చూస్తూ మాట పెగలని గుమాస్తా. కత్తీ లేదు, తుపాకీ లేదు. పద్మ గారు వీధిలో ఆడవాళ్లని లెక్కపెట్టమన్నారు కదా, ఈ రెండింటిలో లెక్కపెట్టండి. పగటిపూటే అనుకోండి.

వర్లీ_పద్మ
పగటిపూట సరే. మార్కులు వేశాను.

పాతపోస్టరు
సెట్టు మాటొచ్చింది కాబట్టి. 2003లో 'ఒక్కడు' కోసం చార్మినార్ సెట్టు వేశారు. అది తప్పని నేననను, అసలు చార్మినార్ దగ్గర ఆ షూటింగ్ అన్ని రాత్రులు ఎలా చేస్తారు? సెట్టు చాలా బాగా వేశారు కూడా. కానీ నాకు ఆ సెట్టు చూస్తున్నంతసేపూ ఒకటే లోటు. అక్కడ గాజుల కొట్ల ముందు నిలబడి "రండి అక్కా రండి" అని చేతిలో గాజులు కొట్టి పిలిచేవాళ్లుంటారు, ఆ చప్పుడు వినపడలేదు.

ఈమధ్య వాటిలో నాకు ఆ లోటు తీరింది 2018లో 'కేరాఫ్ కంచరపాలెం'తోనే. ఆ వాడ మనుషుల్నే నటులుగా పెట్టి, ఆ వాడలోనే తీశారు.

దీప్తి_ఎస్
అవును!! అందులో ఎవరూ నటిస్తున్నట్టు ఉండదు.

ఫోకస్‌పుల్లర్
ఆ మనుషుల గురించే నాకెప్పుడూ ఒక ప్రశ్న ఉంటుంది. మనం వీధిలో తీసినప్పుడు ఆ ముఖాలకి ఒక్క రూపాయి ఇవ్వలేదు, అడగను కూడా లేదు. ఆ అగ్గిపెట్టె ముసలాయనకి తను సినిమాలో ఉన్నట్టు తెలిసే అవకాశమే లేదు. 'సలాం బాంబే' 1988లో వీధి పిల్లల్నే పెట్టి తీశారు, ముందు వాళ్లకి నటన నేర్పించారు, తర్వాత వీధి పిల్లల కోసం ట్రస్టు పెట్టారు. సలాం బాలక్ ట్రస్ట్ ఇప్పటికీ నడుస్తోంది. అలా చేసినవాళ్లు ఎంతమంది? నా చేతిలో ఫోకస్ రింగు ఉన్నప్పుడు నేను హీరో ముఖం మీద మాత్రమే పెట్టాను. వెనకవాళ్లంతా మసకే.

సుల్తాన్‌బజార్_పిల్లోడు
ఫోకస్‌పుల్లర్ గారూ, మా కొట్టు కూడా మసకగానే ఉంది. కానీ ఉంది. ఆ కెమెరా పట్టుకున్న ఆయన ఎవరో గానీ ఆయనకి నేను ఋణపడి ఉన్నా.

నిన్న ఒక పని చేశాను. ఆ సినిమా యూట్యూబ్‌లో దొరికింది. ల్యాప్‌టాప్ పట్టుకుని నాన్న దగ్గరికి పోయాను. ఆయనకి 78. ఛేజ్ దగ్గర ఆపి చూపించాను. కొట్టు చూసి పొంగిపోతారనుకున్నా. ఆయన కొట్టు వైపు చూడనే లేదు. టీ బండి దగ్గర నిలబడ్డ ఒక మనిషి మీద వేలు పెట్టి, "వీడు బోర్డు రాసినోడు. మిగతా నలభై రూపాయల కోసం రోజూ వచ్చి టీ బండి దగ్గర నిలబడేవాడు" అన్నారు. నాకు ఆ మనిషి చొక్కా తప్ప ఏమీ కనపడటం లేదు. ఎలా గుర్తుపట్టారంటే, నిలబడే తీరు అన్నారు. ఒక కాలు మీద బరువేసి, చెయ్యి నడుం మీద.

ఆ నలభై ఇచ్చారా అని అడిగాను. తర్వాత నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఇవ్వలేదు. ఆ ఏడాది కర్ఫ్యూలు, కొట్టు సరిగ్గా తెరవలేదు, మళ్లీ తెరిచేసరికి అతను రావడం మానేశాడు.

నేలటికెట్టు
నేను మొదట్లో అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా తమ్ముడూ.

రాజమండ్రి_రాంబాబు
కొట్టు గురించి సినిమా ఎవరు తీశారు అనడిగాను కదా. ఇదిగో, మీ నాన్న చెప్పేశారు.

వర్లీ_పద్మ
రెండుసార్లు చదివాను.

ఒక సాయం కావాలి అందరినీ. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది, రెండున్నర లక్షల మంది మిల్లు పనివాళ్లు, దత్తా సామంత్ నాయకత్వం. అది గెలవలేదు. మా నాన్న బొంబాయి దగ్గర భివండిలో పవర్‌లూమ్‌ల మీదికి పోయారు, తర్వాత అందరం సిరిసిల్లకి వచ్చేశాం. నాన్న పోయి పదకొండేళ్లు. మిల్లులు మాల్స్ అయిపోయాయి, మా చాళ్లు కూడా కూలగొట్టి ఒక్కొక్కరికి 500 అడుగుల ఫ్లాట్లు ఇస్తున్నారు, ఉన్నవాళ్లకి మంచిదే. నాకు కావలసిందల్లా షిఫ్టు వదిలినప్పుడు మిల్లు గేటు లోంచి జనం బయటికొచ్చే షాట్. 82కి ముందుది. ఏ సినిమా అయినా ఫర్వాలేదు. ఆ జనంలో మా నాన్న ఉంటారని కాదు. ఉన్నా గుర్తుపట్టలేను. ఆ గేటు ఎలా ఉండేదో మా అమ్మకి చూపించాలి, ఆమె రోజూ డబ్బా పట్టుకుని అక్కడికే పోయేది.

ఫోకస్‌పుల్లర్
పద్మ గారూ, కథా సినిమాల కన్నా డాక్యుమెంటరీల్లో వెతకండి. ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ 1948 నుంచి తీసినవి చాలా ఉన్నాయి. 2022లో దాన్ని ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీలో కలిపారు, కొన్ని ఆన్‌లైన్‌లో పెట్టారు. హాల్లో సినిమాకి ముందు వేసేవాళ్లే, మనం సిగరెట్టుకి బయటికి పోయేవాళ్లం, అవే. మిల్లుల మీద, కార్మికుల మీద వాటిలో దొరకొచ్చు. ఆనంద్ పట్వర్ధన్ 'బాంబే హమారా షహర్' 1985ది, గుడిసెలు కూలగొట్టడం మీద. మీకు కావలసిన గేటు అందులో ఉందని చెప్పను గానీ ఆ ఊరు ఉంది. నా పాత స్నేహితుడొకాయన బొంబాయిలో ల్యాబ్‌లో చేశాడు, ఆయన్నీ అడుగుతా.

దీప్తి_ఎస్
నేనూ వెతుకుతా మేడమ్. శని, ఆదివారాలు ఖాళీనే. మీ మిల్లు ఏ రోడ్డు మీద ఉండేదో నాకు మెసేజ్ పెట్టండి, పాత ఫొటోలతో సరిచూసుకుంటూ చూస్తా.

మౌంట్‌రోడ్డు
నన్నూ కలుపుకోండి. రోజుకి రెండు రీళ్లు చూస్తా.

వర్లీ_పద్మ
అందరికీ మెసేజ్ పెట్టాను. గేటు పక్కన పెద్ద గడియారం ఉండేదని అమ్మ అంటోంది. ఎప్పుడూ పది నిమిషాలు లేటు చూపించేదట.

పాతపోస్టరు
సుల్తాన్‌బజార్ తమ్ముడూ, ఆ ఫ్రేము నాకు పంపిస్తే కొంచెం శుభ్రం చేసి పెద్దది చేసిస్తా. ఆ మనిషి ముఖం రాదు, ముందే చెప్తున్నా. బోర్డు మీద అక్షరాలు రావొచ్చు.

సుల్తాన్‌బజార్_పిల్లోడు
పంపించాను అన్నా. నాన్న నిన్నట్నుంచీ ఆ పెయింటర్ పేరు గుర్తుచేసుకోవడానికి చూస్తున్నారు. బోర్డు కింద మూలన చిన్న అక్షరాలతో సంతకం పెట్టేవాడట. వీలైతే ఆ మూల ఒకసారి చూడండి.